రెక్కల ఆటో ఎక్కేవారికి మనవి

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నా వయసు చాలదని మా నాన్న అభిప్రాయం. నలభై దాటనివాళ్ళకి ‘మొన్నామధ్య’ మాత్రమే ఉంటుందట, ‘ఆ రోజుల్లో’ ఉండదట. (ఆయన బాపట్లలో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠం చెప్పి రిటైరైన మనిషి. ఏ మాట వాడటానికి ఎంత వయసుండాలో ఆయన దగ్గర లెక్కలున్నాయి.) అయినా సరే, ఆ రోజుల్లోనే అంటాను. అప్పుడు నేను బీకాం పాసై, రేపల్లెలో మా ఇంటి వరండాలో కూర్చుని, ఉద్యోగం అంటే లోకంలోని తప్పుల్ని సరిచేయమని ఎవరో మనల్ని పిలిచి ఇచ్చే అధికారం అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. కాబట్టి అవి కచ్చితంగా ఆ రోజులే.

నాకు ఆ అధికారం ఇచ్చింది మా బాబాయి, అంటే మా పిన్ని భర్త. అందరూ ఆయన్ని కెప్టెన్ గారు అనేవాళ్ళు. ఆయన ఏ సైన్యంలోనూ, ఏ ఓడలోనూ, చివరికి ఏ క్రికెట్ టీములోనూ పనిచేసినవారు కాదు. తెనాలిలో పంపుసెట్లు బాగుచేసే షాపు ఉండేది. నలభై అయిదో ఏట, పక్క రాష్ట్రంలో ఎక్కడో చిన్న విమానాలు నడపడం నేర్పుతారని విని, పిన్నితో కొత్త మోటార్ల ట్రైనింగని చెప్పి వెళ్ళారు. మూడు నెలల తర్వాత లారీలో ఒక విమానాన్ని వేసుకుని దిగారు. పిన్ని గుమ్మంలో నిలబడి దాన్ని చూసి, “ఏంటండీ ఇది, షామియానా వ్యాపారమా?” అని అడిగిందట.

పిన్నిని తప్పుపట్టలేం. విమానం అంటే మీరు ఊహించుకునేది కాదు అది. పైన గట్టి బట్టతో కుట్టిన త్రికోణం రెక్క. దాని కింద గొట్టాల చట్రం, మూడు చక్రాలు, ముందొక సీటు, దాని వెనకే కాస్త ఎత్తులో ఇంకో సీటు, ఆ వెనక ఇంజను, ఇంజను వెనక ఫ్యాను. తలుపులు, కిటికీలు, గోడలు వంటి ఆడంబరాలేవీ లేవు. వేమూరు దాటాక కాలువ పక్కన బీడు పడి ఉన్న ఒక స్నేహితుడి పొలాన్ని చదును చేయించి, బాబాయి అక్కడి నుంచి ఎగరడం మొదలుపెట్టారు. మూడు చక్రాలు చూసి చుట్టుపక్కల జనం మొదటిరోజే దానికి ‘రెక్కల ఆటో’ అని పేరుపెట్టేశారు. “మైక్రోలైట్ అనండయ్యా” అని బాబాయి రెండు వారాలు బతిమాలారు. మూడో వారం నుంచి ఆయనా “ఆటో బయటికి తీయండి” అనడానికి అలవాటుపడ్డారు.

బాబాయి ఒక్కరే ఎగిరినన్నాళ్ళూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా ఆ రెండో సీటుతో వచ్చింది. సీటు ఖాళీగా కనిపిస్తే కూర్చోకుండా ఉండలేని జనం మనం. ముందు షాపు పక్కాయన కూర్చున్నాడు, తర్వాత ఆయన బావమరిది, తర్వాత బావమరిది ఆఫీసు మొత్తం. తెనాలి నుంచి, రేపల్లె నుంచి, బాపట్ల నుంచి కూడా జనం రావడం మొదలైంది. ఆదివారం సాయంత్రాలు పొలం గట్టు మీద పెళ్ళివారి విడిదిలా ఉండేది. పర్మిషన్ సంగతి నేను చేరిన మొదటిరోజే అడిగాను.

“బాబాయ్, జనాన్ని ఎక్కించుకోవడానికి పర్మిషన్ ఉందా?”

“నేను ఎగరడానికి ఉందమ్మా.”

“మరి వెనక కూర్చునేవాళ్ళకి?”

“వాళ్ళెక్కడ ఎగురుతున్నారే? కూర్చుంటున్నారు.”

అందుకని మా దగ్గర ప్రయాణికులు అనే మాట నిషేధం. ఎక్కినవాళ్ళంతా విద్యార్థులు. వాళ్ళు ఇచ్చేది టికెట్టు డబ్బు కాదు, శిక్షణ రుసుము. ఎనిమిది నిమిషాల శిక్షణ అయ్యాక, ‘ప్రాథమిక గగన శిక్షణ పూర్తిచేసినారు’ అని ఒక సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్ళం. మనవల్ని వెంటబెట్టుకుని వచ్చిన ఒక మిర్చి వ్యాపారి తాతగారు కూడా ఆ లెక్కన విద్యార్థే. (ఆయన ఆ శిక్షణంతా కళ్ళజోడు పట్టుకోవడంలోనే గడిపారు.) నా హోదా ఆఫీసు ఇన్‌చార్జి. ఆఫీసంటే ఒక పెద్ద గొడుగు, ప్లాస్టిక్ టేబులు, హాజరు పుస్తకం, ఒక రబ్బరు స్టాంపు. ఆదివారం చర్చి అయ్యాక భోంచేసి, రేపల్లెలో ప్యాసింజరెక్కి వేమూరులో దిగితే, బాబాయి బండి మీద వచ్చి తీసుకెళ్ళేవారు. నాలుగు గంటల తర్వాతే ఎగిరేవాళ్ళం. ఎండపూట వేడిగాలి కిందినుంచి తన్నుతుంది, ఆ తన్నుడుకి రెక్కల ఆటో తట్టుకోలేదు.

ఎక్కే ముందు ప్రతి విద్యార్థీ ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. అది రెండు పేజీల ఇంగ్లీషు. బాబాయి ఎక్కడో విదేశీ క్లబ్బువాళ్ళది దించి, క్లబ్బు పేరు కొట్టేసి, తన పేరు పెట్టుకున్నారు. అందులో ఒక్కో వాక్యం అరపేజీ ఉండేది. నాలుగు నెలల్లో దాన్ని చదివినవాళ్ళు ఒక్కరూ లేరు. ఫోన్లో మాట్లాడుతూ సంతకం పెట్టారు, ఐస్‌క్రీం తింటూ పెట్టారు, ఒకాయన తనకీ, భార్యకీ, అత్తగారికీ కలిపి తానే మూడు సంతకాలు పెట్టాడు. చదవనివాళ్ళలో నేనూ ఉన్నానని ఇక్కడే ఒప్పుకోవడం మంచిది. నా పని స్టాంపు వేయడం. అది మాత్రం నిటారుగా, అక్షరాలు అలుక్కుపోకుండా వేసేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం తెనాలి నుంచి ఒక టైలరు సాయిబుగారు భార్యని తీసుకుని వచ్చారు. ఎక్కాలనే సరదా ఆమెది. ఆయన ఫారం చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నా వైపు జరిపారు.

“నాకు ఇంగ్లీషు రాదమ్మా. ఇందులో ఏం రాసుందో చెప్పు, సంతకం పెడతా.”

“ఏం లేదండీ, మామూలే.”

“మామూలే అయితే రెండు పేజీలు ఎందుకమ్మా?”

ఫారం చేతిలోకి తీసుకున్నాను. మొదటి వాక్యం చదివాను, అర్థం కాలేదు. రెండోది చదివాను, అర్థమైంది. మూడోది చదివి ఫారం ఆయన చేతికే తిరిగి ఇచ్చేశాను. “అంటే... ఏదైనా అయితే మనమే చూసుకోవాలని ఉందండీ” అన్నాను. “ఏదైనా అంటే?” అన్నారాయన. నేను పైకి చూశాను. ఆయనా పైకి చూశారు. అప్పుడు బాబాయి, చర్చి కమిటీ మెంబరు ఒకాయన్ని వెనక కూర్చోబెట్టుకుని, తాడిచెట్ల మీదుగా ఒక పక్కకి ఒరిగి తిరుగుతున్నారు. సాయిబుగారు ఫారాన్ని నలగకుండా నా ముందు పెట్టి, భార్యతో ఉర్దూలో మెల్లగా ఏదో అన్నారు. ఆమె నవ్వేసింది. ఇద్దరూ గట్టు మీద నిలబడి సోడా తాగి, మిగతావాళ్ళు ఎగరడం చూసి, నాకు మర్యాదగా చెప్పి వెళ్ళిపోయారు.

ఆ వారమంతా నాకు నిద్రలేదంటే అబద్ధం. నిద్రపట్టింది గానీ లేవగానే సిగ్గేసేది. తెలుగు మాస్టారి కూతురినై ఉండి, ఒక పెద్దమనిషి అడిగిన ప్రశ్నకి తెలుగులో జవాబు చెప్పలేకపోయాను. ఫారాన్ని తెలుగులో రాస్తానని బాబాయికి ఫోన్ చేశాను. ఆయన పొంగిపోయారు. “రాయమ్మా, రాయి! మనవాళ్ళకి మన భాషలో ఉండొద్దూ? పైన రెక్క బొమ్మ కూడా వెయ్యి” అన్నారు. రెండురోజులు కూర్చుని రాశాను. రాసినదాన్ని నాన్నకి చూపించాను. ఆయన ఎర్రసిరా పెన్ను తెచ్చుకున్నారు.

“‘ప్రమాదము సంభవించే అవకాశము కలదు’ అన్నావు. ఎవరికి?”

“ఎక్కినవాళ్ళకి నాన్నా.”

“మరి వాళ్ళు వాక్యంలో ఎక్కడా లేరే? ‘ప్రాణహాని వాటిల్లిన యెడల’ అన్నావు. ఎవరి ప్రాణం?”

“చదివేవాళ్ళది.”

“అయితే ‘మీరు చనిపోతే’ అని రాయి. ఎందుకమ్మా అన్ని ‘ము’లు, అన్ని సాగదీతలు? వాక్యం చదివినవాడికి విషయం తెలియాలి గానీ, రాసినవాడు చదువుకున్నాడని తెలియడం ఎందుకు?”

ఆయన దృష్టిలో అది విమానానికి సంబంధించిన కాగితం కాదు, నా కాంపోజిషన్. వాక్యం వాక్యం కూర్చోబెట్టి నరికించారు. చివరికి రెండు పేజీలు ఒక్క పేజీకి దిగాయి. పైన ‘రెక్కల ఆటో ఎక్కేవారికి మనవి’ అని పెట్టి, కింద ఇలా రాశాను: ‘దీనికి ఒకటే ఇంజను. అది ఆగితే రెండోది లేదు. నడిపేది ఒక్కరే. ఆయనకి కళ్ళు తిరిగితే నడపడం మీకు రాదు. మనుషుల్ని తిప్పడానికి ఇది పనికొస్తుందని ఎవరూ పరీక్ష చేసి చెప్పలేదు. ఆయన ఒక్కరే ఎగిరితే అది ఆయన ఇష్టం. మీరు కూర్చుంటే బరువు పెరుగుతుంది, నేల వదలడానికి ఎక్కువ దూరం పడుతుంది, పైకి నిదానంగా వెళుతుంది. తొంభై కిలోలు దాటినవాళ్ళు ఎక్కకూడదు, దయచేసి బరువు నిజం చెప్పండి. మీ చున్నీ, కొంగు, పూలు, సెల్‌ఫోను జారితే మీ వెనక తిరిగే ఫ్యానులో పడతాయి. ఫ్యాను విరుగుతుంది. అప్పుడు మొదటి రెండు వాక్యాలు మళ్ళీ చదువుకోండి. భయపడి నడిపేవారిని పట్టుకుంటే ఇద్దరూ పడతారు. మీరు చనిపోతే మీవాళ్ళు మమ్మల్ని ఏమీ అడగమని ఈ కాగితం మీద మీరు ఒప్పుకుంటున్నారు. సంతకం.’

నాన్న చివరిసారి చదివి, కింద ‘బాగున్నది’ అని రాసి సంతకం చేశారు. నా జీవితంలో ఆయన నాకిచ్చిన మొదటి ‘బాగున్నది’ అదే. బాబాయి దాన్ని చదవలేదు. పైన రెక్క బొమ్మ చూసి ముచ్చటపడి, తెనాలిలో రెండువందల కాపీలు తీయించారు.

తర్వాతి ఆదివారం నాన్న కూడా నాతో వచ్చారు, తన శిష్యురాలి రచనని జనం చదువుతుంటే చూడాలని. గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ రోజు జనం నలభైమంది దాకా ఉన్నారు. మొదట రేపల్లె నుంచి వచ్చిన ఒక కుటుంబం ఫారం తీసుకుంది. వాళ్ళలో అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా పైకి చదవడం మొదలుపెట్టారు. పాపం, ఆవిడది మంచి గొంతు. ‘అది ఆగితే రెండోది లేదు’ దగ్గర గట్టు మీది మాటలు ఆగిపోయాయి. ‘మీకు రాదు’ దగ్గర వరసలో ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగారు. ‘మీరు చనిపోతే’ దగ్గర ఆవిడ ఆగి, కొడుకు వైపు చూసి, “నేను పోతే వీళ్ళని అడక్కూడదంటరా” అన్నారు. కొడుకు అన్యాయంగా ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ క్షణం గురించి వాళ్ళింట్లో ఇప్పటికీ గొడవ జరుగుతూ ఉంటుందని నా నమ్మకం.

ఇక ఒక్కొక్కరే జారుకోవడం మొదలైంది. భయం అన్నవాళ్ళు లేరు. “ఎండ ఇంకా తగ్గలేదు కదండీ” అన్నారు ఒకరు. “రైలు టైమైపోతోందమ్మా” అన్నారు ఇంకొకరు, మోటారుసైకిల్ మీద వచ్చినాయన. మిగిలినవాళ్ళు బాబాయిని చుట్టుముట్టారు.

“ఇంజను ఆగితే ఏంటండీ పరిస్థితి?”

“ఏమీ కాదండీ. గాలిపటంలా మెల్లగా దిగుతుంది.”

“ఎక్కడ దిగుతుందండీ?”

“ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ.”

అందరూ ఒక్కసారి చుట్టూ చూశారు. ఒకవైపు కాలువ. ఒకవైపు తాడిచెట్లు. రోడ్డు వెంబడి కరెంటు తీగలు. నాలుగోవైపు మాత్రం కోసేసిన మొక్కజొన్న చేను ఖాళీగా ఉంది. “మంచిదండీ” అని వాళ్ళూ వెళ్ళి సోడాబండి దగ్గర నిలబడ్డారు. అప్పుడు బాబాయి నా టేబులు మీది ఫారం తీసి, మొదటిసారి చదివారు. చదువుతుంటే ఆయన పెదవులు కదిలాయి, తర్వాత మీసం కదిలింది.

“నేను తెలుగులో రాయమన్నాను గానీ, అర్థమయ్యేలా రాయమన్నానా?” అన్నారు.

నాన్న కుర్చీలోంచి, “భాష బాగుంది కదా తమ్ముడూ” అన్నారు ఆశగా.

“భాషకేం అన్నయ్యగారూ, బ్రహ్మాండంగా ఉంది. చదువుతుంటే నాకే ఎక్కబుద్ధి కావడం లేదు.”

సరిగ్గా అప్పుడు తెనాలి నుంచి ఒక మిఠాయి కొట్టు యజమాని వచ్చారు. చేతిలో స్వీటు డబ్బా, ముఖం నిండా నవ్వు. కళ్ళజోడు మర్చిపోయాననీ, చదివే పనేమీ పెట్టొద్దనీ, సంతకం ఎక్కడో చూపిస్తే చాలనీ అన్నారు. బాబాయికి ప్రాణం లేచొచ్చింది. ఈయన ఒక్కడు ఎక్కి దిగితే జనం మళ్ళీ వరసలో నిలబడతారు. “బరువెంతండీ?” అన్నాను. “ఎనభై వేసుకో అమ్మాయ్” అన్నారాయన. వేసుకోలేదు. పక్క పొలంలో మొక్కజొన్న బస్తాలు తూచే కాటా ఉంది. నిలబడమన్నాను. ఆయన నవ్వుతూనే నిలబడ్డారు. నూట పదకొండు.

“భోంచేసి వచ్చానమ్మాయ్” అన్నారు.

బాబాయి కాటా వైపు చూసి, “అది మొక్కజొన్నకి అలవాటుపడ్డ కాటా. మనుషుల్ని సరిగ్గా తూయదు. ఎక్కండి మీరు. అమ్మాయ్, స్టాంపు వెయ్యి” అన్నారు.

నేను స్టాంపు పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను. సిరా అరచేతికి అంటుకుంటోంది. “వెయ్యను బాబాయ్. ఈయన్ని ఎక్కిస్తే రేపట్నుంచి నేను రాను.”

“రేపు సోమవారం. ఎలాగూ సెలవే.” గొంతు తగ్గించాలని ఆయనకి తోచలేదు. “నాలుగు నెలల నుంచి ఈ గొడుగు కింద కూర్చున్నావు. ఒక్కరోజన్నా ఎక్కావా? ఎక్కనిదానివి, ఎక్కేవాళ్ళకి నువ్వు భయం నేర్పుతావా?”

అందరూ నా వైపే చూశారు. అది నిజం కావడమే నా దురదృష్టం. నేను ఎప్పుడూ ఎక్కలేదు. ఎక్కమని బాబాయి పిలిచిన ప్రతిసారీ ఏదో ఒక రిజిస్టరు రాసుకుంటూ ఉండేదాన్ని. ఇరవై రెండేళ్ళ వయసులో చావు కంటే చులకనైపోవడం పెద్ద విషయంగా అనిపిస్తుంది. “అయితే నేనెక్కుతాను. ఆయన్ని మాత్రం వద్దు” అని ఎవరో అన్నారు. ఆ గొంతు నాదేనని కాస్త ఆలస్యంగా తెలిసింది.

నాన్న లేచి వచ్చారు. “అమ్మా, నువ్వు రాసింది నువ్వు చదువుకున్నావా?”

“మీరే కదా నాన్నా దిద్దింది.”

“అందుకే అడుగుతున్నాను.”

వద్దని అనలేకపోయారు. ఆడపిల్లవని వెనక్కి తగ్గకు, తగ్గకు అని చిన్నప్పటి నుంచీ చెప్పిన మనిషి, అంతమంది ముందు ఇప్పుడు తగ్గమని ఎలా అంటారు? నేను ఫారం నింపాను. ‘ఏదైనా జరిగితే ఎవరికి తెలపాలి’ అన్నచోట నాన్న పేరు రాశాను. ఆయన నా భుజం మీదుగా చూసి, “నాకు ఎవరూ తెలపక్కర్లేదులే, ఇక్కడే ఉన్నాగా” అన్నారు. నా చున్నీ తీసి తన మెడలో వేసుకున్నారు. నా జడ మడిచి, హెల్మెట్టులోకి దూర్చి, బకిల్ పెట్టారు. పెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించారు.

బాబాయి ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని ఇంజను స్టార్ట్ చేశారు. వీపు వెనక రైసుమిల్లు పెట్టినట్టుంది. చక్రాల కింద ప్రతి మట్టిగడ్డా నా వెన్నుపూసల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది, ఉన్నట్టుండి లెక్క ఆపేసింది. కడుపు కిందే ఉండిపోయి, మిగతా నేను పైకి వెళ్ళాను. చల్లగాలి. బాబాయి చొక్కా నుంచి పెట్రోలు, కొబ్బరినూనె వాసన. ఆయన కోపమంతా పోయి కేకలు పెడుతున్నారు. “అదిగో కాలువ! అదిగో మీ రేపల్లె పట్టాలు! అటు మెరిసేవి చేపల చెరువులు!” నేను అన్నిటికీ “ఆహా బాబాయ్” అన్నాను.

అప్పుడు ఇంజను, విస్తరి ముందు పొలమారిన మనిషిలా రెండుసార్లు దగ్గింది. మూడోసారి దగ్గలేదు. ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. రెక్కకి కట్టిన తీగల్లో గాలి సన్నగా ఈల వేస్తోంది. కింద ఎక్కడో గేదె అరిచింది. “ఓరి నాయనో, ఆగిపోయిందిరోయ్” అని ఎవరో అనడం అక్షరం అక్షరం వినిపించింది. ఇవేవీ నన్ను భయపెట్టలేదు. పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతూనే ఉన్న మా బాబాయి మాట్లాడటం ఆపేశారు. అది భయపెట్టింది. కాసేపటికి, మామూలుగా ఇంట్లో మంచినీళ్ళు అడిగినట్టు, “అమ్మడూ, బెల్టు గట్టిగా ఉందా?” అన్నారు.

“ఉంది బాబాయ్.”

“నన్ను పట్టుకోకు. చేతులు నీ ఒళ్ళో పెట్టుకో.”

పెట్టుకున్నాను. ఆయన ఊపిరి పీల్చి వదలడం నా మోకాళ్ళకి తెలిసింది. గాలి చప్పుడు పెరిగింది. ఒక గట్టి దెబ్బ, ఇంకో దెబ్బ, మొక్కజొన్న మోళ్ళు పటపటా విరిగిన చప్పుడు, ముందు చక్రం నీళ్ళు పారే పంట బోదెలో దిగడం, నా హెల్మెట్టు పోయి బాబాయి వీపుకి తగలడం. దుమ్ము. మేం ఒక పక్కకి ఒరిగి ఆగాం. నా పెదవి చిట్లింది. బాబాయి మణికట్టు మెలితిరిగింది. అంతే. ఒక చెయ్యి నా చెంపని తాకింది. మెడలో చున్నీతో నాన్న. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి అంత దూరం ఎలా పరిగెత్తారో నాకు తెలియదు. “భయపడ్డావా?” అన్నారు. “లేదు నాన్నా” అన్నాను. ఆయన వెనక్కి తిరిగి ముక్కు తుడుచుకున్నారు.

మిఠాయి కొట్టాయన అందరికంటే చివర రొప్పుతూ వచ్చారు. రోడ్డు వెంబడి కరెంటు తీగల్ని చూశారు, మా చక్రాలు నేలని తాకిన చోటు చూశారు, మళ్ళీ తీగల్ని చూశారు. మేము వాటి మీదుగా వచ్చామట. రెండు నిలువుల ఎడం కూడా లేదట.

“కెప్టెన్ గారూ, నేను కూర్చుని ఉంటే?” అన్నారు మెల్లగా.

బాబాయి ఆ రోజు మొత్తంలో ఒక్కసారే నిజం చెప్పారు. “ఇంజను ఆగేసరికి అంత పైకి వెళ్ళి ఉండేవాళ్ళం కాదండీ. తీగల ఎత్తులోనే ఉండేవాళ్ళం.”

ఆయన గట్టు మీద కూర్చుండిపోయారు. కాసేపయ్యాక స్వీటు డబ్బా తెరిచి, తను ఒక్కటీ తినకుండా, అక్కడున్న అందరికీ పంచారు.

తర్వాత తేలింది, పెట్రోలు పైపులో ఆవగింజంత చెత్త అడ్డం పడింది. ఇన్నేళ్ళు ఊరి పంపుసెట్ల పైపులన్నీ ఊది శుభ్రం చేసిన మా బాబాయికి ఆ చెత్తే ఎక్కువ అవమానంగా అనిపించింది. కబురు తెలిసి పిన్ని తెనాలి నుంచి ఆటోలో (నేల మీద తిరిగే ఆటోలో) వచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు. నా పెదవి చూసి, ఆయన చెయ్యి చూసి, ఒక్క మాట అంది. “ఆ వెనక సీటు విప్పండి.” వాచిన చేత్తోనే బాబాయి స్పానరు తెచ్చి ఆ నాలుగు నట్లూ విప్పారు. విద్యాలయం అలా మూతపడింది. బాబాయి ఇప్పటికీ చలికాలం ఉదయాల్లో ఒక్కరే ఎగురుతారు. ఎవరైనా వెనక కట్టుకుని తిప్పమని అడిగితే, మారుమాట లేకుండా నేను రాసిన ఫారం ఒకటి ఇస్తారు. రెండువందల కాపీల్లో ఇంకా చాలా మిగిలాయి.

ఇక ఇన్నేళ్ళుగా నేను ఎవరికీ చెప్పనిది ఒకటుంది. ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ చర్చి విందుకి వెళ్ళినా, “పైనుంచి మనూళ్ళు ఎలా కనిపిస్తాయే?” అని ఎవరో ఒకరు అడుగుతారు. నేను వర్ణిస్తాను. కాలువ వెండి మొలతాడులా ఉంటుందంటాను. రైలు గొంగళిపురుగులా పాకుతుందంటాను. మొదట్లో కొంగలు లేవు, మూడో ఏడు చేర్చాను. ఈ మధ్య బాపట్ల వైపు సముద్రం కూడా కనిపిస్తోంది. అసలు సంగతేమిటంటే, చక్రాలు నేల వదిలినప్పుడు మూసుకున్న కళ్ళు నేను మళ్ళీ నాన్న చెయ్యి చెంపకి తగిలాకే తెరిచాను. నేను ఏమీ చూడలేదు. బాబాయి అరిచి చెప్పిన జాబితాయే నా ఆకాశమంతా.

మొన్న సాయంత్రం నాన్న కాఫీ తాగుతూ, ఏదో గుర్తొచ్చినట్టు అడిగారు. “ఆ రోజు పైనుంచి నేను కనిపించానా నీకు?”

“కనిపించారు నాన్నా.”

“చెయ్యి ఊపాను. చూశావా?”

“చూడకేం. రెండు చేతులూ ఊపారు.”

నాన్న గ్లాసులో కాఫీ మీది తొరకని వేలితో పక్కకి తీశారు. “ఒకటే ఊపాను,” అన్నారు. “రెండోది గుండె మీద పెట్టుకుని ఉన్నాను.”

మిగిలిన కాఫీ తాగేసి లోపలికి వెళ్ళారు. నేను అక్కడే కూర్చుని, తాడిచెట్లకి పైన, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్న ఆ ఇరవై రెండేళ్ళ పిల్లని తలుచుకున్నాను. నవ్వొచ్చింది. ఒక్క కన్నైనా తెరవాల్సింది కదే పిచ్చిదానా, అనాలనిపించింది.